డబ్బాకు దండం, బొమ్మకు నామం

సూటిగా చెప్పేస్తా. బొమ్మలు సేకరించే పెద్దమనుషులకీ, వాటిని కొని రెట్టింపు ధరకి తిరగమ్మే వ్యాపారులకీ ఓ జబ్బు పట్టుకుంది. దాని పేరు "ఒరిజినల్ ప్యాకింగ్". బొమ్మ ఎలా ఉందని ఒక్కడూ అడగడు. డబ్బా ఉందా? సీలు ఉందా? అట్ట మూలలు నలిగాయా? ధర చీటీ పీకారా, అలాగే ఉందా? ఇవీ ప్రశ్నలు. భోజనానికి పిలిస్తే వచ్చి, విస్తరాకు కుట్టు బాలేదని లేచిపోయినట్టుంది వీళ్ల వ్యవహారం.

"నీకెందుకయ్యా ఈ గోల, కోడ్ రాసుకోక" అంటారా? చెప్తా. మాది ఖానాపూర్. పాత ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. మా ఇంటి షోకేసులో ఉన్నవి హాట్‌వీల్స్ కార్లు కాదు. ఒక నిర్మల్ సీతాఫలం, రెండు జామకాయలు, ఒక చిలుక, ఒక జింక. వీటిలో ఒక్కదానికీ డబ్బా లేదు. ఇప్పుడు లేకపోవడం కాదు, ఎప్పుడూ లేదు. కాబట్టి "డబ్బా లేని బొమ్మకి విలువ లేదు" అని ఎవడైనా అంటే అది నేరుగా మా జిల్లాకే తగులుతుంది. అందుకే ఈ టపా.

ముందు అవతలి వాళ్ల వాదన న్యాయంగా చెప్పి, ఆ తర్వాతే కొడతా. వాళ్లు చెప్పేవి మూడు.

ఒకటి, డబ్బా ఉంటే అసలో నకిలీయో తెలుస్తుంది. రెండు, డబ్బా తెరవలేదంటే లోపలి భాగాలేవీ పోలేదు, చిన్న తుపాకీ, టోపీ, చక్రం అన్నీ ఉన్నట్టు లెక్క. మూడు, పిల్లలు చేతికి రాగానే డబ్బా చింపి పారేస్తారు కాబట్టి, పాత బొమ్మల కంటే పాత డబ్బాలే అరుదు. అరుదైనదానికి ధర ఎక్కువ.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే సీలు ఒక చెక్‌సమ్ లాంటిది. ఫైలు మధ్యలో ఎవడూ కెలకలేదని చెప్పే గుర్తు. బానే ఉంది. ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో లక్షలు పోసిన ప్లాస్టిక్ బొమ్మకి ఈ వాదన కొంతవరకు చెల్లుతుంది కూడా. లక్ష బొమ్మలూ ఒకేలా ఉన్నప్పుడు, ఒకదాన్ని ఇంకోదాన్నుంచి వేరు చేసేది అట్ట ముక్క ఒక్కటే కదా! నేను కాదనను.

కానీ చెక్‌సమ్ సరిపోయిందని ఫైలు తెరవకుండా జీవితాంతం చెక్‌సమ్‌నే చూసి మురిసిపోయేవాణ్ని ఏమంటారు? మా ఆఫీసులోనైతే వాణ్ని టీమ్‌లో ఉంచరు.

ఈ డబ్బా భక్తి ఎక్కడిదాకా వెళ్తుందో ఒక ముచ్చట చెప్తా. 1977లో స్టార్ వార్స్ సినిమా వచ్చింది. బొమ్మలు చేసే హక్కు కెన్నర్ అనే కంపెనీ తీసుకుంది. సినిమా అంత ఆడుతుందని వాళ్లు ఊహించలేదు, క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. మరి పండగ అమ్మకాలు పోతాయే! ఏం చేశారో తెలుసా? బొమ్మల్లేని అట్ట కవరు అమ్మారు. అందులో ఒక కూపన్ లాంటి కాగితం, కొన్ని స్టిక్కర్లూ అవీ. ఆ కాగితం పోస్టులో పంపితే 1978లో నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. జనం కొన్నారు! ప్యాకింగే సరుకు, సరుకే వాయిదా. డబ్బా వ్యాపారానికి ఇంతకంటే నిజాయితీ గల రోజు మళ్లీ రాలేదేమో :)

ఇప్పుడు ఆ మూడు వాదనల్లో చిల్లులు చూద్దాం.

సీలు ఉంటే అసలుదే అంటారు. అట్ట మీద బొమ్మ అచ్చు వేయడం ఈ కాలంలో ఎంత కష్టం? మంచి స్కానర్, మంచి ప్రింటరు ఉంటే చాలు. పాత బొమ్మల డబ్బాలకి నకళ్లు వేసి అమ్మడం బయటి దేశాల్లో ఒక బాహాటమైన వ్యాపారం. తెరిచిన ప్యాకెట్‌ని తెరవనట్టు మళ్లీ అతికించే చేతులు కూడా ఉన్నాయి. అందుకే ఇప్పుడు డబ్బాని పరీక్షించి మార్కులేసే సంస్థలు పుట్టాయి. అవి ఆ డబ్బాని ఇంకో గట్టి పారదర్శక డబ్బాలో పెట్టి సీలేస్తాయి. గమనించారా? బొమ్మని నమ్మడానికి డబ్బా, డబ్బాని నమ్మడానికి ఇంకో డబ్బా. రేపు దాన్ని నమ్మడానికి ఇంకోటి. దీనికి అంతెక్కడ?

తెరవలేదంటే లోపల భద్రం అంటారు. ఇదీ తప్పే. జీఐ జో సైనికుడి బొమ్మలు గుర్తున్నాయా? మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్లు తయారు చేసి అమ్మారు. మనం చిన్నప్పుడు పళ్లతో కొరికిన ఆ ఇండియా బొమ్మల కోసం అమెరికాలో ప్రత్యేకంగా వెతికే కలెక్టర్లు ఉన్నారు. ఆ పాత మూడు ముప్పావు అంగుళాల సైనికుడి నడుం పట్టి ఉంచేది లోపలున్న చిన్న రబ్బరు రింగు. రబ్బరుకి మీ సీలు సంగతి తెలియదు. వయసొస్తే ఎండి తెగుతుంది. ప్యాకెట్ విప్పకుండానే లోపల సైనికుడు రెండు ముక్కలై ఉంటాడు. అయినా అట్ట నలగలేదు కాబట్టి వాడు "మింట్ కండిషన్"! తెరిచి, పావలా రబ్బరు రింగు మార్చి, నిలబెట్టిన సైనికుడేమో "లూజ్", ధర సగం. రోగి చచ్చినా దుప్పటి మడత చెదరలేదని డాక్టరు సంతోషించినట్టు.

ఇక మూడోది, అరుదైన డబ్బాకే ధర అనే మాట. 2024లో అమెరికాలో ఒక వేలంలో స్టార్ వార్స్ బోబా ఫెట్ బొమ్మ ఒకటి 5,25,000 డాలర్లకు పోయింది. అది వీపు మీద నుంచి చిన్న రాకెట్ పేల్చే నమూనా బొమ్మ. పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో ఆ రకాన్ని కంపెనీ అమ్మకానికే పెట్టలేదు. అమ్మలేదు అంటే దుకాణంలో తొడిగే అట్టా లేదు, ప్యాకెట్టూ లేదు. డబ్బానే ప్రాణమైతే ఆ బొమ్మకి అయిదు లక్షల డాలర్లు ఎవడిస్తాడు? అంటే ఏమిటి? ఆ బొమ్మ ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎన్ని మిగిలాయి అన్న కథ గట్టిగా ఉంటే, ఇదే కలెక్టరు డబ్బా సంగతి హాయిగా మర్చిపోతాడు. కథ లేనప్పుడే అట్ట మూలలు కొలుస్తాడు.

సరే, వాళ్ల డబ్బు వాళ్లిష్టం. ప్లాస్టిక్ కార్ల అట్టల కోసం సూపర్ మార్కెట్ తెరవకముందే వెళ్లి నిలబడి, అరుదైనవన్నీ ఊడ్చుకుపోయి, పక్కన కారు కోసం ఏడుస్తున్న పిల్లాడి వంక చూడకుండా, మూడింతలకి అమ్ముకునే వీరులతో నాకు పేచీ ఉన్నా అది ఇంకో రోజు. నా అసలు కోపం ఈ కొలబద్ద తెచ్చి మా నిర్మల్ బొమ్మ మీద పెట్టినందుకు.

నిర్మల్ బొమ్మ ఎలా తయారవుతుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పొణికి చెక్క అని ఉంటుంది (పునికి అని కూడా అంటారు). బాగా తేలిక, మెత్తన. ఉలి వేస్తే వింటుంది. బొమ్మని భాగాలుగా చెక్కి అతుకుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో సందులు పూడ్చి నునుపు చేస్తారు. తెల్లపూత పూస్తారు. ఆ మీద రంగులు. ఈ పని తరాలుగా చేస్తున్నవాళ్లు నకాషీ కుటుంబాలు. 1955లో పెట్టుకున్న సహకార సంఘం ఉంది. 2008-09లో నిర్మల్ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది.

ఇందులో డబ్బా ఎక్కడుందో చూపించండి. లేదు! మా ఇంట్లో జామకాయ పాత పేపరు చుట్టుకుని వచ్చింది. ఆ పేపరు మా అమ్మ అదే రోజు పొయ్యి ముట్టించడానికి వాడి ఉంటుంది. "ఒరిజినల్ ప్యాకింగ్" బూడిదైంది మహాప్రభో, ఏం చేయమంటారు?

నాకు తెలిసిన ఒక కలెక్టరు మిత్రుడికి (పేరెందుకు లెండి) ఆ జామకాయ ఫొటో చూపించా. నేను పుట్టకముందు కొన్నది. రంగు చెక్కు చెదరలేదు, తొడిమ దగ్గర ఆకుపచ్చలోంచి పసుపులోకి దిగే ఛాయ అలాగే ఉంది. దూరం నుంచి చూస్తే కొరకబుద్ధేస్తుంది. వాడు ఒకే మాట అన్నాడు. "బాక్స్ లేదా? లేబుల్? అయితే వెరిఫై చేయలేం బాస్, వందా రెండొందలు." అదే మనిషి అట్టలో ఉన్న ఇనుప కారుకి ఎనిమిది వేలు పెట్టాడు. ఆ కారు ఎవరు చేశారో వాడికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. యంత్రం చేసింది. యంత్రానికి పేరుండదు కాబట్టి డబ్బా మీద పేరు కావాలి. మనిషి చేసిన వస్తువుకి సాక్ష్యం ఆ వస్తువులోనే ఉంటుంది. చెక్క బరువు చూడు, అతుకు చూడు, పూత కింద ఏముందో చూడు, కళ్లు గీసిన చెయ్యి చూడు. అది చూడటం రాకపోతే నేర్చుకోవాలి గానీ, "డబ్బా లేదు" అని తప్పించుకోవడమేంటి?

ఇక్కడిదాకా అభిరుచుల గొడవే. కానీ దీనికి బిల్లు ఎవరు కడుతున్నారన్నది చూడండి.

మా బాపుకి తెలిసిన ఒక బొమ్మల పనాయన ఉన్నాడు నిర్మల్‌లో. ఆయన హైదరాబాదులో ఒక అమ్మకందారుకి పెళ్లి కానుకల కోసం చిలుకలు పంపాడు. అమ్మకందారు పెట్టిన షరతు ఏంటంటే, ప్రతి చిలుకకీ రంగుల అచ్చు వేసిన డబ్బా ఉండాలి, ఆ డబ్బా ఖర్చు చేసినాయనదే. సరే అని చేయించాడు. సరుకు బస్సు మీద వెళ్లింది. కొన్ని డబ్బాల మూలలు నొక్కుకుపోయాయి. లోపల చిలుకలకి గీత కూడా పడలేదు. నలిగిన డబ్బాలన్నీ చిలుకలతో సహా వెనక్కొచ్చాయి, "డ్యామేజ్డ్" అని రాసి. రానూ పోనూ కిరాయి కూడా ఈయన లెక్కలోనే.

పోయినసారి ఊరికెళ్లినప్పుడు కలిస్తే ఆయన అడిగిన ప్రశ్న ఇది: "బొమ్మ మంచిగనే ఉన్నది గద బిడ్డా. డబ్బ నలిగితె బొమ్మ వాపస్ పంపుడేంది? గా డబ్బ మీద నా పేరు సుత లేకపాయె."

చివరి వాక్యం మళ్లీ చదవండి. డబ్బా మీద ఉన్నది అమ్మినవాడి బ్రాండు. చేసినవాడి పేరు ఎక్కడా లేదు. అంటే డబ్బా ఖర్చు ఈయనది, డబ్బా నష్టం ఈయనది, డబ్బా గొప్ప మాత్రం ఇంకొకరిది. బొమ్మకి దండం పెట్టాల్సిన చోట డబ్బాకి పెడితే జరిగేది ఇదే. ధరలో బొమ్మ వాటా తగ్గుతుంది, అట్ట వాటా పెరుగుతుంది. ఉలి పట్టినవాడి కొడుకు ఇది చూసి "నాకెందుకీ పని" అని హైదరాబాదు బస్సెక్కుతాడు. తప్పా? నేనెక్కలేదా?

ఇక్కడో తమాషా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో బొమ్మల నాణ్యత మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదంది. చైనా నాసిరకం ప్లాస్టిక్‌ని ఆపడానికి అదొక మార్గం. కానీ 2020 డిసెంబరులోనే సవరణ చేసి, హస్తకళల శాఖ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మల్నీ, జీఐ ఉన్న బొమ్మల్లో నమోదైన హక్కుదారులూ అధీకృత వినియోగదారులూ చేసి అమ్మేవాటినీ ఆ నిబంధన నుంచి మినహాయించింది. అంటే ఫ్యాక్టరీ కొలబద్ద చేతి పనికి పెట్టకూడదని ఢిల్లీలో ఫైళ్లు తిప్పే బాబులకి కూడా అర్థమైంది. మన కలెక్టరు బాబులకే ఇంకా ఎక్కలేదు.

"మరి పొణికి చెక్క మెత్తన అన్నావు, ప్యాకింగ్ లేకపోతే విరగదా?" అని మీరు అడుగుతారు. మంచి ప్రశ్న. నేను ప్యాకింగ్ వద్దనడం లేదు. డబ్బా బొమ్మని కాపాడాలి, బొమ్మ డబ్బాని కాపాడకూడదు. బస్సులో దెబ్బ తగిలితే ఆ దెబ్బ డబ్బా తినాలి. మూల నొక్కుకుపోయి లోపల చిలుక క్షేమంగా ఉందంటే ఆ డబ్బా తన డ్యూటీ చేసిందన్నమాట. దానికి దండెయ్యాలి గానీ "డ్యామేజ్డ్" అని రాస్తారా? హెల్మెట్‌కి గీత పడిందని బతికిన మనిషిని ఆస్పత్రి నుంచి వెనక్కి పంపినట్టు!

"విదేశంలో కొనేవాడు నమ్మాలంటే ఏదో ఒక ఆధారం కావాలిగా?" అంటారు ఇంకొందరు. కావాలి. ఆ ఆధారం అట్ట మీద ఎందుకు? బొమ్మ అడుగున రెండు అంగుళాల చోటు ఖాళీగా ఉంది. అక్కడ చేసినవాళ్ల పేరు, ఊరు, సంవత్సరం రాయండి. రంగు బ్రష్షు ఎలాగూ చేతిలోనే ఉంది, ఖర్చు సున్నా. డబ్బా చిరిగినా, పేపరు పొయ్యిలోకి పోయినా, ముప్పై ఏళ్ల తర్వాత మనవరాలు తిప్పి చూసినా ఆ పేరు ఉంటుంది. నకిలీలు రావా అంటే వస్తాయి. పేరుతోపాటు పనితనాన్ని కూడా నకలు చేయాలిగా, అట్ట నకలు చేసినంత సులువు కాదది.

కాబట్టి నా డిమాండ్లు (నేనెవణ్ని డిమాండ్ చేయడానికి అనకండి, ఇది నా పేజీ):

1. తిరగమ్మేవాళ్లు: మీ బ్రాండు డబ్బా మీకు కావాలంటే మీరే కొనండి. చేసినవాడి నెత్తిన రుద్దొద్దు. డబ్బా నలిగిందని బొమ్మ వెనక్కి పంపొద్దు.

2. బిల్లులో బొమ్మ ధర ఎంత, డబ్బా ధర ఎంత వేరువేరుగా రాయండి. కొనేవాడికి తెలియాలి తను దేనికి ఎంత కడుతున్నాడో.

3. సంఘాలు, పనివాళ్లు: బొమ్మ అడుగున మీ పేరు రాసుకోండి. చిత్రకారుడు రాసుకోవడం లేదా? మీదేం తక్కువ?

4. కలెక్టర్లు: "బాక్స్ ఉందా" అన్న ప్రశ్న మానేసి ఈ నాలుగు అడగండి. ఏ చెక్క? ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? మధ్యలో ఎవరైనా మళ్లీ రంగేశారా? ఈ నాలుగోది ముఖ్యం. పాత బొమ్మ విలువని నిజంగా చంపేది డబ్బా లేకపోవడం కాదు, మెరవాలని ఎవడో పైన పూసిన కొత్త రంగు.

"ఇలా అయితే రీసేల్ విలువ పడిపోతుంది" అని నా కలెక్టరు మిత్రుడు ఇప్పటికే మొత్తుకున్నాడు. ధరలేమీ ఆకాశం నుంచి ఊడిపడవు. కొనేవాళ్లంతా కలిసి ఒప్పుకున్న అంకె, అంతే. అట్టకి ఎనిమిది వేలని ఒప్పుకున్నవాళ్లు, చేతిపనికి ఎనిమిది వేలని ఒప్పుకోలేరా? ఒప్పుకోగలరు. కాకపోతే దానికి చూపు కావాలి. డబ్బా కొలవడానికి స్కేలు చాలు. మనుషులు సులువైనదే కొలుస్తారు, తర్వాత అదే విలువని నమ్ముతారు. మా ఆఫీసులో ఎన్ని లైన్ల కోడ్ రాశావని కొలిచే మేనేజర్లకీ వీళ్లకీ తేడా లేదు.

టాయ్ స్టోరీ 2 సినిమా (1999) చూసే ఉంటారు. అందులో ఎప్పుడూ డబ్బా విప్పని ఒక ముసలి బొమ్మ ఉంటాడు. ఏ పిల్లా ఆడుకోక, విషం నిండిపోయి, చివరికి విలన్ అవుతాడు. బొమ్మలు తీసేవాళ్లకే తెలిసిందండీ డబ్బాలో ఉండిపోతే ఏమవుతుందో.

ఈసారి హైవే మీద నాగపూర్ వైపు వెళ్తూ నిర్మల్‌లో ఆగితే ఒక బొమ్మ కొనండి. చేతిలో పెట్టుకుని బరువు చూడండి, వెనక్కి తిప్పి చూడండి, చేసినవారి పేరు అడగండి. లేకపోతే రాసిమ్మనండి. పాత పేపరులో చుట్టి ఇస్తే సంతోషంగా తీసుకోండి. ఇంటికెళ్లాక ఆ పేపరు ఏం చేసుకుంటారో మీ ఇష్టం.